చెవి వెనక దారి

ఓడ మీద నుంచి,
ఇంజన్ రూమ్ పైన, కిటికీ లేని గది

అత్తా,

ఈ ఉత్తరం చదివి నాన్నకి ఫోన్ చెయ్యనని ముందు ఒట్టు పెట్టుకో. పెట్టుకున్నావా? అయితే కిందికి చదువు.

సముద్రం నాకు పడలేదు. కాస్త తల తిరగడం అనుకునేవు, కాదు. రేవు గోడ కంటికి కనబడకుండా పోయిన పూట నుంచీ ఒకటే వాంతులు. మంచినీళ్ళు తాగితే మంచినీళ్ళు, బిస్కెట్ తింటే బిస్కెట్, వెళ్ళినవి వెళ్ళినట్టే తిరుగు టపాలో వచ్చేస్తున్నాయి. ఈ ఓడలో డాక్టరు లేడు. మందుల పెట్టె సెకండ్ ఆఫీసర్ చేతిలో ఉంటుంది. ఆయన ఇచ్చిన మాత్ర కరిగేలోపే బయటికొచ్చేసింది. రెండోది వేసుకుంటే అదీ మొదటిదానికి తోడు వెళ్ళింది.

మా చీఫ్ ఇంజనీరు మనిషి మంచివాడే కానీ మాట ఇనుము. ఈ ప్రయాణం అయ్యేసరికి ఆయన సంతకం పెడితేనే నేను ట్రైనీ నుంచి ఇంజనీరునవుతాను. నిన్న జనరేటర్ పక్కన బకెట్ పట్టుకుని కూర్చుంటే వచ్చి నిలబడ్డాడు. "అమ్మాయీ, నీకు ఒంట్లో బాగాలేదని ఇంజన్‌కి తెలీదు. వచ్చే రేవులో దిగిపోతానంటే చెప్పు, టికెట్ నేనే తీయిస్తా. ఇందులో నామోషీ ఏం లేదు" అన్నాడు. తిట్టినా బాగుండేది అత్తా. జాలిపడ్డాడు.

నాన్న మోటారు షెడ్డులో నిలబడి వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పింది నీకు గుర్తుందిగా. "నెల తిరక్కుండా తిరిగొస్తుంది చూడండి. దానికి బకెట్లో నీళ్ళు ఊగినా కళ్ళు తిరుగుతాయి" అని. అదే నిజమయ్యేలా ఉంది. నువ్వు మందుల మనిషివి కదా, ఏదైనా దారి చెప్పు. రోజుకోసారి ఆఫీసు మెయిల్‌తో పాటు మా ఉత్తరాలు వెళ్తాయి, వస్తాయి. ఎదురుచూస్తుంటాను.

నీ మేనకోడలు


ల్యాబ్, మూడో అంతస్తు,
చల్లారిన టీ పక్కన పెట్టుకుని

పిడుగా,

ఒట్టు పెట్టుకున్నాను. పెట్టుకున్న పూటే తమ్ముడు షెడ్డు నుంచి ఫోన్ చేశాడు, ఎలా ఉందని. "చేపలా ఉందిరా" అన్నాను. "ఏ చేప? నీళ్ళలోదా, ఒడ్డున పడ్డదా?" అన్నాడు. వాడికి అనుమానమే.

నీ కడుపు తలుపు వేసేసుకుంది. వేసిన తలుపు ముందు నిలబడి మాత్రల మీద మాత్రలు విసిరితే ఏం లాభం? దొడ్డిదారి ఒకటుంది. చర్మం.

నా పనేమిటని చిన్నప్పుడు అడిగితే "చర్మంలోంచి మందు దూరుతుందో లేదో చూడటం" అనేదాన్ని. నువ్వు మోచేతి మీద పంచదార రుద్దుకుని తియ్యగా అనిపించడం లేదని నా మీద అలిగేదానివి. నిజానికి మంచి ప్రయోగమే అది. చర్మం పైపొరంతా చచ్చిన కణాలు. ఇటుకలు పేర్చినట్టుంటాయి, సందుల్లో సున్నానికి బదులు కొవ్వు. వాన లోపలికి రాదు, ఒంట్లో నీరు బయటికి పోదు. మందుల్లో చాలావాటికి ఆ గోడ దగ్గరే ఆట కట్టు. ఒళ్ళు పెద్దగా ఉన్నవి దూరలేవు. నీళ్ళతో తప్ప ఎవరితోనూ కలవనివి, నీ పంచదార లాంటివి, ఆ కొవ్వులో అడుగు పెట్టలేవు. చిన్నగా ఉండి, కొవ్వుతోనూ నీళ్ళతోనూ కలుపుగోలుగా ఉండే లౌక్యుడు మాత్రం సందుల్లోంచి మెల్లగా జారి, అడుగున ఉన్న రక్తంలో కలిసిపోతాడు. సముద్రం పడనివాళ్ళకిచ్చే మందు ఒకటి అలాంటి లౌక్యుడే. దాన్ని చిన్న ప్యాచ్‌లో పెట్టి చెవి వెనక అంటిస్తారు. అక్కడ గోడ పల్చన.

నేను డాక్టర్ని కాను. వచ్చే రేవులో డాక్టరుకి చూపించుకో. కళ్ళ జబ్బులేమైనా ఉన్నాయా అని అడుగుతాడు, దాచకుండా చెప్పు. ఆయన రాసిస్తేనే తీసుకో. ఓడ కదలడానికి చాలా ముందే అంటించు, గోడ దాటడానికి దానికి టైం పడుతుంది. ఒకటే అంటించు. రెండు అంటిస్తే రెండింతలు బాగుంటుందనే తెలివి మీ నాన్నది, నీకు రాకూడదు. ముట్టుకున్న ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కో. రాశాను కదా అని చదివి ఊరుకోకు, కడుక్కో.

దిగిపోవాలనుకుంటే దిగిపో, నేను నిన్ను ఒక్క మాట అనను. కానీ దిగేముందు ఈ దారి కూడా చూడు.

అత్త


ఓడ మీద నుంచి,
భోజనాల గది, అవును, భోజనాల గదే

అత్తా అత్తా అత్తా,

తిన్నాను! రెండు పూటలా తిన్నాను. వంటాయన గరిటె పట్టుకుని బయటికొచ్చి నా కంచం చూసి వెళ్ళాడు. "ఇన్నాళ్ళూ నా వంట బాగాలేదనుకుని కుమిలిపోయానమ్మా" అన్నాడు పాపం.

రేవులో డాక్టరు రాసిచ్చాడు. ఓడ తాడు విప్పకముందే, ఆరు బయట బల్ల మీద కూర్చుని అంటించుకున్నాను. బయటి సముద్రంలోకి వచ్చాం. ఓడ ముక్కు లేచింది, పడింది. నేను బకెట్ దగ్గరికి లాక్కుని కాచుకుని కూర్చున్నాను. ఏమీ కాలేదు. ఓడే ఊగుతోంది, నేను ఊగడం లేదు! ఆ బకెట్‌తోనే వెళ్ళి ఇంజన్ రూమ్ నేల కడిగేశాను. చీఫ్ చూశాడు. తుడవాల్సిన పంపు ఒకటి చూపించాడు. ఆయన లెక్కలో అది మెప్పు.

నోరు మాత్రం ఎండిపోతోంది. ఇంకో చిక్కు, కింద ఇంజన్ రూమ్ పొయ్యిలా ఉంటుంది. చెమటకి ప్యాచ్ జారిపోతుంటే వేలితో నొక్కుకుంటూ పని చేస్తున్నాను. మీ కంపెనీలవాళ్ళు వీటిని చల్లని గదుల్లో కూర్చుని తయారు చేస్తారనుకుంటా!

పొద్దుటి నుంచీ కుడికన్ను కాస్త మసక. ఏదో నలుసు పడి ఉంటుంది. ఏం లేదులే.

నీ పిడుగు


ల్యాబ్,
కోటు కూడా విప్పకుండా రాస్తున్నది

"ఏం లేదులే" అట! మీ ఇంట్లో ఆ మాట అన్నప్పుడల్లా ఏదో ఒకటి ఉంటుంది.

వెంటనే అద్దం ముందుకెళ్ళి చూసుకో. కుడి కంటిపాప ఎడమదానికంటే పెద్దదిగా ఉందా? ఉంటే, ఏ వేలితో ప్యాచ్ నొక్కావు? ఆ వేలితోనే కన్ను నలుపుకున్నావా? ఆ మందు కంట్లో పడితే కంటిపాప విచ్చుకుపోతుంది, దగ్గరివి మసకగా కనిపిస్తాయి. దానంతటదే తగ్గుతుంది.

కానీ నేను ఇక్కడ కూర్చుని చెప్పేది ఊహ. తలనొప్పి, మాట తడబడటం, కాలో చెయ్యో పట్టు తప్పడం, రెండు కళ్ళూ మసకబారడం, కన్ను నొప్పి పెట్టి ఎర్రబడటం, వీటిలో ఏ ఒక్కటున్నా ఈ ఉత్తరం పక్కన పడేసి రేడియోలో ఒడ్డు మీది డాక్టరుని పిలిపించు. ఏవీ లేకపోయినా ఇది కెప్టెన్‌కి చూపించు, డాక్టరుకి చదివి వినిపించమను.

చేతులు కడుక్కోమన్నాను కదే తల్లీ.

అత్త


ఓడ మీద నుంచి,
కెప్టెన్ గది బయట మెట్ల మీద

అత్తా,

నీ ఉత్తరం ఒక్క పూట ఆలస్యమై ఉంటే నేనీపాటికి ఏదో ఊళ్ళో ఆస్పత్రి మంచం మీద ఉండేదాన్ని.

మొన్న మధ్యాహ్నం, మసక తగ్గలేదంటే సెకండ్ ఆఫీసర్ టార్చి వేసి నా కళ్ళు చూశాడు. ఎడమ పాప వెలుగుకి ముడుచుకుంది, కుడిది డబ్బాలా తెరుచుకునే ఉంది. ఆయన ముఖంలో రంగు పోయింది. రేడియోలో డాక్టరుకి చెబితే, "తలలో రక్తనాళం చిట్లిందేమో, ఒడ్డుకి చేర్చండి" అన్నాడు. కెప్టెన్ ఓడని తిప్పడానికి మ్యాప్ పరిచేశాడు. నన్ను బల్ల మీద కదలకుండా పడుకోబెట్టారు. నేను భయపడలేదని రాద్దామనుకున్నాను కానీ, చాలా భయపడ్డాను అత్తా. కళ్ళు మూసుకుంటే నాన్న షెడ్డే కనబడింది.

అంతలో మెయిల్ వచ్చింది. నీ ఉత్తరం చూపించాను. కెప్టెన్ రేడియోలో మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాడు, "చేతులు కడుక్కోమన్నాను కదే తల్లీ" తో సహా. అవతల డాక్టరు వేలి సంగతి రెండోసారి చదివించుకున్నాడు. తర్వాత నా చేత నడిపించారు, ముక్కు పట్టుకోమన్నారు, పాట పాడమన్నారు. అన్నీ బాగానే చేశాను, పాట తప్ప. "అమ్మాయి బుర్ర శుభ్రంగా ఉంది. చేతులే శుభ్రంగా లేవు" అన్నాడు. గదంతా గొల్లుమంది. గంటకోసారి చూస్తూ ఉండమన్నాడు, చేతులు కడుక్కునేటట్టయితే ప్యాచ్ మళ్ళీ వాడుకోవచ్చన్నాడు. మర్నాటికల్లా రెండు కళ్ళూ ఒక్కలాగే అయ్యాయి.

చీఫ్ మాత్రం నవ్వలేదు. ఆ సాయంత్రం నన్ను పక్కకి పిలిచాడు. "నీ బుర్ర బాగుంది, సంతోషం. కానీ మందు అంటిస్తే తప్ప నిలబడని ఇంజనీరుని నేనేం చేసుకోను? ప్యాచ్ ఊడిపోయిన పూటే ఇంజన్ మొరాయిస్తే ఏం చేస్తావు?" అన్నాడు.

ఆయనకేం చెప్పాలి? నీకేమైనా తోస్తే రాయి.

పిడుగు


ఆస్పత్రి లాండ్రీ, నేలమాళిగ,
ఆవిరిలో

పిడుగా,

ఇక్కడ నుంచి ఎందుకు రాస్తున్నానో చెబుతాను, ముందు చీఫ్ సంగతి. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. నేను చర్మం గురించి చెప్పగలను, నీ గుండె నిబ్బరం గురించి కాదు. ఆ జవాబు నీ దగ్గరే ఉంటుంది. ఉందో లేదో అక్కడ పని పడ్డప్పుడు తెలుస్తుంది. ఇంకోటి, ఆ ప్యాచ్ మందు చెమటని కొంత తగ్గిస్తుంది, వేడిలో ఒళ్ళు చల్లబడే దారి ఇరుకవుతుంది. అందుకని నీళ్ళు తాగుతూ ఉండు, మధ్యమధ్య పైకొచ్చి గాలి పీల్చుకో. చీఫ్‌కి కూడా చెప్పి ఉంచు.

ఇక నా సంగతి. మా దగ్గర కొత్త ప్యాచ్ తయారవుతోంది. మందు మారలేదు, జిగురు కొత్తది. నీ ఉత్తరంలో చెమటకి జారుతోందని రాశావే, ఆ లైను పట్టుకెళ్ళి మా డైరెక్టరు ముందు పెట్టాను. "మన జిగురు పరీక్షలో కదల్లేదు కదమ్మా" అన్నాడు. "ఆ పరీక్ష ఏసీ గదిలో చేశాం సార్. సముద్రంలో ఇంజన్ల దగ్గర ఏసీ ఉండదట" అన్నాను. అంచు లేచిన ప్యాచ్ అంటే సగం తెరిచిన తలుపు. ఎంత మందు లోపలికెళ్తుందో ఎవరికీ తెలీదు.

అందుకని మందు లేని ఉత్తి ప్యాచ్‌లు చెవుల వెనక అంటించుకుని, మా ల్యాబ్ వాళ్ళం అందరం పక్క ఆస్పత్రి లాండ్రీకి వచ్చి కూర్చున్నాం. దుప్పట్లు ఉడికే గంగాళాల మధ్య. డైరెక్టరుని కూడా లాక్కొచ్చాం. భోజనాల వేళకి అందరివీ జారిపోయాయి. ఆయనది ఆయన టీ కప్పులోనే పడింది. చెంచాతో తీసి చూసుకుని, "జిగురు మార్చండి" అన్నాడు.

నీ మూలంగా ఈ ముసలిదానికి కొత్త పని దొరికింది. చాలా రోజుల తర్వాత ఉత్సాహంగా ఉంది.

అత్త


ఓడ మీద నుంచి,
ఇంజన్ రూమ్, నా సొంత కుర్చీ

అత్తా,

కూర్చుని చదువు. చాలా పెద్ద ఉత్తరం ఇది.

తుఫాను వచ్చింది. పొద్దున్నే ఆకాశం సీసం రంగులో ఉంది, ఫలహారం వేళకి కుర్చీలు గోడకి గుద్దుకోవడం మొదలైంది. ఎడమవైపు దూరంగా రాళ్ళ తీరం. ఇంజన్ నడుస్తున్నంతసేపూ ఓడ అలలకి ఎదురు నిలబడుతుంది. ఇంజన్ ఆగితే అడ్డం తిరిగిపోతుంది, ఆ తర్వాత గాలి ఎటు తోస్తే అటే. తోస్తున్నది రాళ్ళవైపు.

ఓడ అలా ఊగితే ట్యాంకు అడుగున ఏళ్ళ తరబడి పేరుకున్న మడ్డి లేచి డీజిల్లో కలిసిపోతుంది. ఆ మడ్డి వచ్చి ఫిల్టర్‌కి అడ్డం పడుతుంది. ఫిల్టర్లు రెండుంటాయి, జంటగా. ఒకటి మూసుకుపోతే రెండోదానికి మార్చి, మొదటిది విప్పి కడిగి మళ్ళీ బిగించాలి. మామూలు రోజుల్లో తీరిగ్గా చేసే పని అది. ఆ పొద్దున రెండోది కూడా చూస్తుండగానే మూసుకుపోతోంది. ఇంజన్ గొంతు మారింది. నాన్న షెడ్డులో పెరిగినదాన్ని కదా, ఆ దగ్గు నాకు తెలుసు. ఆకలితో ఉన్న ఇంజన్ దగ్గు అది.

సెకండ్ ఇంజనీరు మెట్ల దగ్గర జారి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. నూనె పోసే ఆయన వాంతులతో నేల మీద చుట్టుకుపోయాడు. మిగిలింది నేనూ, చీఫూ. ఆయన కంట్రోలు దగ్గర నిలబడి ఇంజన్‌ని బతిమాలుతున్నాడు. నేను ఫిల్టర్ మూత విప్పాను. మడ్డి బంకలా చేతులకి పట్టేసింది. లోపలి తీగ జాలీ కడిగాను, బిగించాను, మార్చాను, అవతలిది విప్పాను. మళ్ళీ అదే. ఒక కాలు పైపుకి మెలిపెట్టి, భుజం గోడకి ఆనించి. ఎన్నిసార్లు చేశానో గుర్తులేదు.

మధ్యలో ముఖం తుడుచుకోబోయి, కంటి విషయం గుర్తొచ్చి మోచేతితో తుడుచుకున్నాను. అప్పుడు చెవి వెనక ఏదో బోసిగా అనిపించింది. ప్యాచ్ లేదు! ఎప్పుడు ఊడిందో, ఏ మడ్డిలో కలిసిందో. ఒక్క క్షణం నా కడుపు నా వంక చూసింది, నేను దాని వంక చూశాను. "ఇప్పుడు కాదు" అన్నాను పైకే.

చీఫ్ కేక వేశాడు. "ఏంటమ్మాయ్? ఎవరితో?"

"కడుపుతో సార్! ప్యాచ్ ఊడిపోయింది!"

ఆయన నన్ను చూశాడు. చూసి, అత్తా, నమ్ముతావో లేదో, పక్కకి వంగి బకెట్లో వాంతి చేసుకున్నాడు. సముద్రంలో తల నెరిసిన మనిషి! ఎన్నడూ ప్యాచ్ ముట్టని ఆ మనిషి మూతి తుడుచుకుని, "నా ప్యాచ్ కూడా ఊడింది. తర్వాతి ఫిల్టర్ మార్చు" అని అరిచాడు.

మార్చాను. మారుస్తూనే ఉన్నాను. ఇంజన్ దగ్గింది, మూలిగింది, రెండుసార్లు ఊపిరి ఆగినంత పని చేసింది. కానీ ఆగలేదు. సాయంత్రానికి గాలి తగ్గింది. పై నుంచి కెప్టెన్ ఫోన్ చేసి, రాళ్ళు వెనకబడిపోయాయని చెప్పాడు. నేనూ చీఫూ నూనె నేల మీద చెరోవైపు కూలబడి పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాం.

మర్నాడు పిలిచి, నా కళ్ళ ముందే సంతకం పెట్టాడు. నేను ఉండబట్టలేక, "మందు లేకుండా నిలబడగలనో లేదో నాకింకా తెలీదు సార్" అన్నాను. "మందుతో నిలబడ్డావో, మొండితనంతో నిలబడ్డావో నాకనవసరం. ఇంజన్ ఆగలేదు" అన్నాడు.

ఇప్పుడు నువ్వు చెప్పు. ప్యాచ్ ఊడాక నన్ను నిలబెట్టింది ఎవరు?

ఇంకో మాట. వచ్చే నెల ఓడ మన రేవుకి వస్తోంది. ఇంట్లోవాళ్ళని ఇంజన్ రూమ్‌లోకి తీసుకురావచ్చట. నాన్నకి ఇక చెప్పెయ్.

ఇంజనీరు పిడుగు


ల్యాబ్,
కిటికీలన్నీ తెరిచి

ఇంజనీరు గారికి,

ఏడ్చాను. ల్యాబ్ కుర్రదాని భుజం మీద, కోటు తడిసేలా. ఆ అమ్మాయి ఎవరో పోయారనుకుని తనూ ఏడ్చింది. ఉత్తరం చూపించాక ఇద్దరం కలిసి నవ్వాం.

నీ ప్రశ్నకి జవాబు. మందు చర్మంలోంచి దారి పట్టి పోతూ పోతూ, చర్మంలోనే కొంత నిలవ చేసుకుంటుంది. ప్యాచ్ ఊడినా ఆ నిలవ ఇంకా కొన్ని గంటలు రక్తంలోకి దిగుతూనే ఉంటుంది. కాబట్టి కొంత నీ చర్మం పుణ్యం. ఇన్ని వారాల్లో నీ ఒళ్ళు కూడా సముద్రానికి కొంత అలవాటు పడి ఉంటుంది. అది ఇంకొంత. మిగతాది కొలిచే గాజుగిన్నె మా దగ్గర లేదు. అది నీది.

కొత్త జిగురుతో మళ్ళీ లాండ్రీలో కూర్చున్నాం. పొద్దుగూకే దాకా ఉన్నాం. ఒక్కటీ కదల్లేదు! డైరెక్టరు తన చెవి వెనక ప్యాచ్ పీక్కోలేక నానా అవస్థా పడ్డాడు. తర్వాత జనం మీద పరీక్షలు, అనుమతులు, ఇంకా చాలా దూరముంది. కానీ గోడ దాటాం.

ఉత్తరాలన్నీ తమ్ముడి చేతిలో పెట్టాను. షెడ్డులో మోటార్లన్నీ ఆపించి, తుఫాను ఉత్తరం పనివాళ్ళందరికీ పైకి చదివాడు. "ఇంజన్ ఆగకుండా ఫిల్టర్లు మార్చిందంట్రా! ఊగే ఓడలో!" అని బల్ల గుద్దాడు. వాంతుల పేరాలు మాత్రం దాటేశాడు. నేను పక్కనే ఉన్నాను కదా, చూస్తూనే ఉన్నాను. చివర్లో కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "అక్కా, ఆ దగ్గు పోల్చడం నేనే నేర్పాను దానికి" అన్నాడు.

అత్త


ఇంట్లో నుంచి,
మీ ఓడ కదిలిన సాయంత్రం

పిడుగా,

నీ ఉత్తరం వచ్చేదాకా ఆగలేక ముందు నేనే రాస్తున్నాను.

పొద్దున మీ ఓడ చూడటానికి వచ్చిన మీ నాన్నని ఇల్లు చేర్చేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. కట్టేసి ఉన్న ఓడలో కళ్ళు తిరగడమేమిటే! మెట్ల మీద రెయిలింగ్ పట్టుకుని కూర్చుని, "అక్కా, నాకూ ఒక ప్యాచ్ వెయ్యి" అన్నాడు. "అది ముందే అంటించుకోవాలిరా, ఇప్పుడు లాభం లేదు" అన్నాను. "మన వంశంలో ఎవరికీ ఈ జబ్బు లేదు" అన్నాడు, కళ్ళు మూసుకునే. అయినా కిందికి దిగాడు చూడు. ఒక్కో మెట్టూ పట్టుకుని, నీ ఇంజన్ దగ్గరికి. అరచెయ్యి దాని మీద పెట్టి అలాగే ఉండిపోయాడు.

బయల్దేరేముందు ఒకసారి ఇంజన్ నడిపి చూస్తామని చీఫ్ అన్నప్పుడు, ఆయనే నడుపుతాడనుకున్నాను. పక్కకి తప్పుకుని నీకు చెయ్యి చూపించాడు. నువ్వు నడిపావు. ఆ చప్పుడు చెవులతో విన్నట్టు లేదు, అరికాళ్ళలోంచి పైకి పాకింది. నా జీవితమంతా చర్మంలోంచి ఏవేవి దూరతాయో లెక్కగట్టాను పిల్లా, ఇది మాత్రం ఏ గోడా లేనట్టు నేరుగా లోపలికి వచ్చేసింది.

అప్పుడు నువ్వు నా వైపు తిరిగి ఏదో అన్నావు. చప్పుడులో ఒక్క ముక్కా వినబడలేదు. నేను తల ఊపేశాను. ఏమన్నావో రాయి.

అత్త


ఓడ మీద నుంచి,
బయటి సముద్రం

అత్తా,

"అత్తా, పక్కకి జరుగు, నూనెలో నిలబడ్డావు" అన్నాను. నువ్వేమో కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని తల ఊపి, ఇంకాస్త నూనెలోకి జరిగావు. చీఫ్ ఇప్పటికీ నవ్వుతున్నాడు. నీ చెప్పులకి పట్టిన నూనె కిరసనాయిలుతో పోతుంది.

గాలి పెరిగింది. ఓడ ముక్కు లేస్తోంది, పడుతోంది. ఈసారి చీఫ్‌తో చెప్పి, ప్యాచ్ లేకుండా బయల్దేరాను. ఒకటి జేబులో ఉంది, అక్కడే ఉండనీ. పొద్దున కాస్త తల దిమ్ముగా ఉండింది కానీ తగ్గిపోయింది. చేతులు కడుక్కున్నాను, సబ్బుతోనే. వంటాయన గంట కొడుతున్నాడు.

ఆకలి దంచేస్తోంది. వెళ్తున్నా.

పిడుగు